తెగిన ఉకారం

"గొంతు ఆయనదే," అంది రచయిత భార్య. "అందులో అనుమానం లేదు. స్టేషన్‌లో ఆ మాట చెప్పి సంతకం పెట్టింది కూడా నేనే. కానీ గుమాస్తాగారూ, అది మా ఆయన మాట్లాడే తీరు కాదు."

ఈ మాట ఆమె చాలామందికి చెప్పింది. పోలీసులకి చెప్పింది, గొంతు పరీక్ష చేసిన ప్రయోగశాలవాళ్లకి చెప్పింది, చివరికి తన కొట్టుకి కళ్లజోళ్లు చేయించుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా చెప్పింది. అందరూ పాపం అన్నట్టు తలాడించి వెళ్లిపోయారు. మొగుడు చెప్పకుండా పోతే ఏ ఆడదైనా అలాగే అంటుందని వాళ్ల నమ్మకం.

గుమాస్తా తలాడించలేదు. గుమాస్తాగిరీ అతని ఒకప్పటి ఉద్యోగం. సగం జీవితం ఒక ప్లీడరు దగ్గర సాక్షుల వాంగ్మూలాలు రాసి రాసి, ఆ సాక్షుల్లో సగం మంది అబద్ధాలాడుతున్నారనీ, ఆ అబద్ధాలు వల్లె వేయించేది తన ప్లీడరేననీ ఆలస్యంగా తెలుసుకుని, ఒక రోజు కలం మూతపెట్టి బయటికొచ్చేశాడు. ఇప్పుడు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నా జనం మాత్రం గుమాస్తా అనే పిలుస్తారు. పని మారినంత తేలిగ్గా పేరు మారదు కదా.

"ఇంకోసారి వినిపించండమ్మా."

ఆమె ఫోను గాజు బల్ల మీద పెట్టి మీట నొక్కింది. నొక్కి, మొహం పక్కకి తిప్పుకుంది. ఆ గొంతు వినడం ఆమెకి ప్రాణసంకటంగా ఉంది.

"నన్ను వెతకొద్ద్... నా ఇష్టంతోనే వెళ్తున్నాన్... ఎవరి మీదా నాకు కోపం లేద్... నువ్వు ధైర్యంగా ఉండ్... కోర్టులో వేసిన కేసు, వెనక్కి, తీసుకుంటున్నాను."

అంతే. మాటల వెనక సన్నగా ఏదో టక్కుమని కొట్టుకుంటున్న చప్పుడు.

"చివర్లు తెగిపోతున్నాయి," అన్నాడు గుమాస్తా.

"సిగ్నలు సరిగ్గా లేక అన్నారు ఇన్‌స్పెక్టరు."

సంగతి ఇదీ. ఈమె భర్త సినిమా రచయిత. తన కథనే దొంగిలించి సినిమా తీశాడని ఒక నిర్మాత మీద దావా వేశాడు. సినిమా విడుదల కాకుండా కోర్టు తాత్కాలికంగా ఆపింది. ఆ నిర్మాత గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే సినిమా హక్కులు కొనబోతున్న టీవీ చానెల్ ఒప్పందంలో ఒక మెలిక పెట్టింది: కథ మీద తగాదా ఏదీ లేదని తేలితేనే కొనుగోలు. విడుదల ఇంకొంచెం ఆలస్యమైతే అప్పిచ్చిన ఫైనాన్షియర్లు సినిమానే ఎత్తుకుపోతారు. ఇలాంటి సమయంలో, ఆదివారం పొద్దున వీధి చివరకి వెళ్లొస్తానన్న రచయిత తిరిగి రాలేదు. మంగళవారం ఆయన ఫోను నుంచే ఈ సందేశం వచ్చింది. తర్వాత ఆ ఫోను మూగబోయింది. గొంతు అసలైనదే, మిమిక్రీ కాదు అని ప్రయోగశాల తేల్చడంతో ఇన్‌స్పెక్టరు వెతకడం మానేశాడు. ఇష్టపడి పోయినవాణ్ణి ఎవడు వెతుకుతాడు? దావా మీద విచారణ రేపు.

"తీరు కాదన్నారు. ఏది కాదు?"

"నువ్వు అనడం. పెళ్లైన రోజు నుంచీ ఆయన నన్ను మీరు అనే అంటారు. మా అత్తగారు ఎంత వెక్కిరించినా మానలేదు. కోపమొస్తే మీరు ఇంకా గట్టిగా అంటారు తప్ప నువ్వు అనరు."

రేపు కోర్టులో ఆ మాట చెబితే అవతలి ప్లీడరు ఎలా నవ్వుతాడో గుమాస్తాకి తెలుసు. ఆ నవ్వుకి ఏళ్ల తరబడి పక్కన కూర్చున్నవాడు మరి.

"ఆయన బతికుంటే చాలు గుమాస్తాగారూ," అంది ఆమె అద్దం తుడుస్తూ. "వదిలేసి పోయినా సరే. ఎక్కడో ఒక చోట బతికున్నారని ఈ సందేశం చెబుతోంది కదా. దాన్ని పట్టుకునే ఉన్నాను."

* * *

నిర్మాత ఆఫీసులో కథలు వినే గది ప్రత్యేకంగా ఉంది. గోడలకి మెత్తటి దళసరి గుడ్డ, ఒక పొడుగాటి సోఫా, దాని ముందు పొట్టి బల్ల. సోఫాకి ఎదురుగా ఖాళీ నేల. కిటికీకి బిగించిన పాత ఏసీ ఒకటి ముక్కుతూ మూలుగుతూ పని చేస్తోంది.

నిర్మాత మనిషి మర్యాదగానే ఉన్నాడు. టీ తెప్పించాడు. తాగకముందే ఇంకొకటి తెప్పించాడు.

"ఆ రచయితని మీరు ఎప్పుడు కలిశారు?"

"ఎప్పుడూ కలవలేదండీ. మొహం కూడా చూడలేదు. కోర్టుకి ప్రమాణపత్రం ఇచ్చాను కదా. ఆయన ఈ ఆఫీసు గడప తొక్కలేదు, నాకు కథ చెప్పలేదు."

"మంచిది. నాకు సినిమావాళ్ల పద్ధతులు తెలియవు. కథ చెప్పేవాళ్లు ఇక్కడ ఎక్కడ కూర్చుంటారు?"

నిర్మాత మొహం వికసించింది. తన పని గురించి అడిగితే పొంగిపోని మనిషి ఉండడు. "కూర్చోవడమా! మంచి రచయిత కూర్చుని చెప్పడండీ. అదిగో, ఆ ఖాళీ జాగాలో నిలబడి అన్ని పాత్రలూ తానే అయిపోతాడు. ఏడుస్తాడు, తిడతాడు, హీరోయిన్‌లా సిగ్గుపడతాడు. మేం సినిమా ముందు ఇక్కడే చూసేస్తాం."

"అంత కథ గుర్తెలా పెట్టుకుంటారు? రాసుకుంటారా?"

"రాయడమెందుకు? రికార్డు పెట్టేస్తాను. తీరిగ్గా పడుకుని మళ్లీ..."

అక్కడ ఆగాడు. టీ కప్పు అందుకున్నాడు.

"మంచి అలవాటు," అన్నాడు గుమాస్తా. లేచి ఆ ఖాళీ జాగాలోకి వెళ్లి నిలబడ్డాడు. పొట్టి బల్ల కిందకి వంగి చూశాడు. బల్ల అడుగున అంతా దుమ్ము, ఒక చోట మాత్రం అరచేతి మేర శుభ్రంగా, జిగురు మరకతో ఉంది. ఏదో అంటించి, ఈ మధ్యే పీకేసినట్టుంది. అలా వంగి ఉండగానే అతని చెవి నిక్కబొడుచుకుంది. ఏసీ ముందున్న రేకు ఒకటి వదులైపోయి ఆగి ఆగి కొట్టుకుంటోంది. టక్కు. కాస్త ఆగి, టక్కు. మళ్లీ అంతే ఆగి, టక్కు.

జేబులోంచి ఫోను తీసి, పొద్దున రచయిత భార్య దగ్గర ఎక్కించుకున్న సందేశం పెట్టాడు. అందులోనూ అదే చప్పుడు.

నిర్మాత కప్పు పళ్లెంలో గలగలమంది. "ఆ చప్పుడుకీ మాకూ ఏం సంబంధం?" అన్నాడు.

"చప్పుడు సంగతి నేను ఎత్తనే లేదే!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది కళ్లారా చూడటం గుమాస్తాకి చాలా రోజుల తర్వాత ఇదే.

"టీ తాగావా? ఇక దయచెయ్యి," అంది గుమ్మం దగ్గర ఒక గొంతు.

ఆ గొంతుకి గుమాస్తా వీపు ఇంకా నిటారుగా అవుతుంది. పాత అలవాటు. నల్లకోటు చేతి మీద వేసుకుని నిలబడ్డవాడు ఒకప్పటి తన ప్లీడరే, ఇప్పుడు నిర్మాత తరఫు ప్లీడరు.

"నమస్కారమండీ," అన్నాడు గుమాస్తా.

"నీ నమస్కారాలు తర్వాత. వారంటు ఉందా? పోలీసువా? ఏ హక్కుతో నా క్లయింటుని ప్రశ్నలడుగుతున్నావురా?"

"వారు టీ ఇచ్చారు, నేను కబుర్లు చెప్పాను. ఆయన ఈ గదిలో అడుగుపెట్టలేదని మీరు కోర్టుకి రాసిచ్చారు. మరి ఆయన సందేశంలో ఈ గది ఏసీ ఎందుకు మోగుతోంది?"

ప్లీడరు ఏసీ వైపు చూశాడు. అర క్షణం కూడా తడుముకోలేదు. "ఊళ్లో పాత ఏసీలన్నీ అలాగే కొట్టుకుంటాయి. మా ఇంట్లోది ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. రచయిత మా ఇంట్లో ఉన్నాడేమో వెళ్లి వెతుకు." నిర్మాత నవ్వాడు. ప్లీడరు నవ్వలేదు. "ఇంతకీ నీ వాదన ఏమిటి? ఇక్కడికొచ్చి రాజీ సందేశం పంపాడనా? అయితే మాకు మరీ మంచిదే కదా!"

ఆ మాటలో నిజముంది. పైగా గుమాస్తా చెవిని ఇంకో సంగతి కుడుతోంది. గదిలో రేకు ఒకే తాళంలో కొట్టుకుంటోంది. సందేశంలో ఆ తాళం ప్రతి వాక్యానికీ తప్పుతోంది. ఎందుకో అంతు పట్టడం లేదు.

"నీకు అక్షరం ముక్క నేర్పింది నేను," అన్నాడు ప్లీడరు. "నా మీదికే వచ్చావు. మొగుడు పోయిన ఆడమనిషి దగ్గర ఫీజు గుంజుకోవడానికి నీకు సిగ్గులేదా?"

అక్కడ గుమాస్తాకి ఒళ్లు మండింది. మండినప్పుడు నోరు మూసుకోవాలని అందరికీ బుద్ధులు చెప్పే మనిషే, తన వంతు వచ్చేసరికి మర్చిపోయాడు. "సిగ్గు సంగతి రేపు మాట్లాడుకుందాం. ఈ టక్కుటక్కు రేపు జడ్జిగారి ముందే వినిపిస్తాం. ఇక్కడికొచ్చి ఏసీని కూడా విని వెళ్లమంటాం. అబద్ధపు ప్రమాణపత్రానికి ఏం శిక్షో మీరే నాకు నేర్పారు."

"రేపు కదూ?" అన్నాడు ప్లీడరు మెత్తగా. "సరే. రేపు వినిపించు."

మెత్తగా అన్నందుకైనా అనుమానం రావలసింది. రాలేదు.

* * *

కొట్టులో రచయిత భార్య ఒక కళ్లజోడుకి మరలు బిగిస్తోంది. గుమాస్తా జరిగిందంతా చెప్పాడు. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"కథ చెప్పలేదన్నారా? ఆయన వెళ్లొచ్చిన రోజు నాకు గుర్తుంది. ఇంటికొచ్చి, నిర్మాత ఏడ్చాడండీ, మీ మొగుడు గెలిచాడు అని కాలరు ఎగరేశారు. వెళ్లే ముందు వారం రోజులు ఈ కొట్టులోనే తాలీము. కళ్లు పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన ముసలాయనని కూర్చోబెట్టి క్లైమాక్స్ చెప్పేశారు. ఆయన అక్షరాల బోర్డు చదవడం మానేసి ముక్కు చీదుకున్నాడు."

చెబుతూ నవ్వింది. నవ్వు సగంలోనే కన్నీళ్లయింది. గుమాస్తా చూపు తిప్పుకున్నాడు. "ఎలా చెప్పేవారు?" అని అడిగాడు.

"ఎలా అంటే, నిలబడి, చేతులు తిప్పుతూ..." ఆమె లేచింది. భర్తని చూపించాలనే ఆరాటం ఆమెను లేపింది. గొంతు మార్చి, భుజం ఎగరేసి అందుకుంది. "అప్పుడు అన్నగారు గుమ్మంలో ఆగుతాడండీ. తమ్ముడి వైపు చూడడు. ఆస్తి నీకే రాసిచ్చానంటాడు. ఎవరి మీదా నాకు కోపం లేదంటాడు. తమ్ముడు కాళ్ల మీద పడితే..."

ఆమె అక్కడే నిలిచిపోయింది. తన నోట్లోంచి వచ్చింది తనకే వినబడింది.

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. "మళ్లీ అనండి. ఆ చివరి ముక్క."

"ఎవరి మీదా నాకు కోపం లేదంటాడు."

"లేదు, అంటాడు అని విడదీసి అనరా?"

"ఎవరంటారండీ అలా? కథ చెప్పేటప్పుడు లేదంటాడు, పొమ్మంటాడు, అంతే."

గుమాస్తా ఫోను మీట నొక్కాడు. ఎవరి మీదా నాకు కోపం లేద్. ఆపాడు. మళ్లీ నొక్కాడు. లేద్.

చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టి నేర్పిన సంధి ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. లేదు, అంటాడు కలిస్తే లేదంటాడు. మధ్యలో ఉకారం మాయం. ఇప్పుడు ఆ 'అంటాడు'ని కత్తిరించి పారేస్తే మిగిలేది లేదు కాదు, లేద్. పోయిన ఉకారాన్ని ఏ కత్తెరా తిరిగి తేలేదు. సిగ్నలు లోపమైతే ఎక్కడ పడితే అక్కడ తెగుతుంది. ఇంత బుద్ధిగా నాలుగు వాక్యాల చివరా ఉకారం దగ్గరే తెగదు.

"వెతకొద్దంటాడు," అన్నాడు గుమాస్తా వేలు మడుస్తూ. "వెళ్తున్నానంటాడు. ఉండంటాడు. ఇవి మీతో అన్న మాటలు కావమ్మా, కథలో పాత్రలు అన్న మాటలు. ఆయన ఆ గదిలో కథ చెబుతుంటే బల్ల కింద రికార్డు చేసుకున్నారు. ఒక్కో ముక్కా ఒక్కో చోట కోసి అతికించారు. అందుకే గొంతు ఆయనది, మిమ్మల్ని నువ్వు అంది ఆయన కాదు. అందుకే ఆ ఏసీ తాళం అతుకు అతుక్కీ తప్పుతోంది."

"వెతకొద్దనేది హీరోయిన్ తండ్రి," అంది ఆమె నెమ్మదిగా. "ధైర్యంగా ఉండనేది జైల్లో ఉన్న స్నేహితుడు. అందరూ మామూలుగా అనే మాటలే. నేను పోల్చుకోలేకపోయాను."

"ఎవరు పోల్చుకుంటారు? మనం గెలిచాం. కథ వినలేదని ప్రమాణం చేసినవాళ్లే, కథ విన్నామని రికార్డు మన చేతికిచ్చారు. దొంగ తన అడుగుజాడలు తనే..."

ఆమె మొహం చూసి అతను మాట మింగేశాడు.

"అయితే," అంది ఆమె, "మంగళవారం ఆయన ఇది మాట్లాడలేదు."

"లేదు."

"ఆదివారం తర్వాత ఆయన గొంతు ఎవరూ వినలేదు."

తను ఉత్సాహంగా చింపి పోగులు పెట్టింది ఏమిటో గుమాస్తాకి అప్పుడు అర్థమైంది. భర్త బతికున్నాడని చెప్పడానికి ఆమెకున్న ఒకే ఒక్క ఆధారం అది. ఆమె కుర్చీలో కూలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రాలేదు. అది ఇంకా భయంగా ఉంది. నా తెలివి తగలెయ్యా అనుకున్నాడు.

ఏం చేయాలో తోచక, ఏదో ఒకటి చేయాలని, సందేశం చివరికంటా పోనిచ్చాడు. కోర్టులో వేసిన కేసు, వెనక్కి, తీసుకుంటున్నాను.

అతని వేలు గాలిలో ఆగిపోయింది.

"అమ్మా, ఇటు వినండి. తీసుకుంటున్నాను. 'ను' నిండుగా ఉంది. తెగలేదు. ఏసీ చప్పుడు కూడా లేదు. ఆయన కథలో కోర్టు కేసు ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కోర్టు ఊసే లేదు."

"ఉండదు. కథ చెప్పినప్పటికి దావాయే లేదు. ఈ ఒక్క వాక్యం వాళ్లకి ఏ కథలోనూ దొరకలేదు. ఆయన చేతే చెప్పించాల్సి వచ్చింది."

ఆమె ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది. మళ్లీ విన్నది. మూడోసారి వినేటప్పుడు కళ్లు మూసుకుంది. "చెప్పడం లేదు, చదువుతున్నారు," అంది. "కేసు... వెనక్కి... పదం పోల్చుకున్నాక నోరు తెరుస్తున్నారు. బోర్డు ముందు కూర్చున్నవాళ్లు రోజూ నా దగ్గర ఇలాగే చదువుతారు. ఆయన కళ్లకి జోడు లేదు గుమాస్తాగారూ. పెట్టుకునే వెళ్లారు, నేనే చేసిచ్చిన జోడు. ఎవరో తీసేశారు. కానీ ఆయన ఉన్నారు. మంగళవారం ఆయన బతికే ఉన్నారు!"

"ఉన్నారు. మొత్తం చెప్పమంటే మొండికేసి ఉంటారు. ఒక్క ముక్క చదివించేసరికే వాళ్లకి తల ప్రాణం తోకకొచ్చి ఉంటుంది."

"మొండి ఘటం," అంది ఆమె. ఇప్పుడు ఏడ్చింది, హాయిగా. "ఇంకా ఉంచుతారా ఆయన్ని?"

"కోర్టు తీర్పు వచ్చేదాకా ఆయనతో వాళ్లకి అవసరం ఉంటుంది. జడ్జిగారు ఇంకో మాట కావాలంటే మళ్లీ ఆయన చేతే చెప్పించాలి కదా. విచారణ రేపు. ఈ రోజంతా మన చేతిలో ఉంది. పదండి, ఇన్‌స్పెక్టరు దగ్గరికి."

ఆమె కొట్టు తలుపు వేయబోతుండగా గుమాస్తా ఫోను మోగింది. ప్లీడరు.

"ఏరా గుమాస్తా," అంటోంది ఆ గొంతు కులాసాగా. "రేపటిదాకా నీకెందుకురా శ్రమ? అర్జంటని మనవి చేసుకుంటే జడ్జిగారు ఈ మధ్యాహ్నమే వింటామన్నారు. మీ లాయరుకి కబురు వెళ్లింది. నీ టక్కుటక్కు పట్టుకుని వచ్చెయ్. నువ్వు ముందుగా చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ రేపటికే చూసుకునేవాణ్ణి."

తన నోటి దురదకి మూల్యం ఇంకొకడు చెల్లించబోతున్నాడని గుమాస్తాకి తెలిసింది.

"మీ నిర్మాతగారు మీ పక్కనే ఉన్నారా?" అని అడిగాడు.

"ఎక్కడ? కోర్టుకి కూడా రానన్నాడు. తొందరగా కారెక్కాడు. కోర్టు సంగతి మీరు చూసుకోండి, రచయిత సంగతి నేను చూసుకుంటా అని..."

ప్లీడరు మాట అక్కడ తెగిపోయింది. అవతల ఊపిరి మాత్రం వినబడుతోంది. సొంత నోటి మాట సొంత చెవిని తాకినట్టుంది.

"ఒరేయ్," అన్నాడు చివరికి. ఆ గొంతులో వెటకారం లేదు. ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న గుమాస్తా ఆ గొంతులో భయం వినడం ఇదే మొదలు. "ఆ రచయిత తన ఇష్టంతోనే పోయాడు కదూ?"